ఆకుకి గొట్టం, అమ్మకి పొగ (పల్లె పాఠాలు – 19)

పోయిన ఏడాది మా అమ్మని ఒంగోలులో ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. నాలుగడుగులు వేస్తే ఆయాసం. రాత్రయితే దగ్గు. డాక్టరు చీటీ రాస్తూ తలెత్తకుండానే అడిగాడు.

"పొగ తాగుతావా అమ్మా?"

అమ్మ నొచ్చుకుంది. "అయ్యో, లేదు సార్. చుట్ట కూడా ఏనాడూ నోట పెట్టలేదు."

ఆయన అలవాటు లేదని రాసుకున్నాడు. ఆయన తప్పేమీ లేదు, ఆ కాగితంలో అంతకు మించి రాయడానికి గడి లేదు. పక్కన నిలబడ్డ నేను తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ చేసినవాణ్ణి. మన భాషలో పొగని పీల్చరు, తాగుతారు అన్న సంగతి అప్పుడే మొదటిసారి సరిగ్గా చెవిన పడింది. మా అమ్మ నలభై ఏళ్లు పొగ తాగింది. పొద్దున ఒక పూట, సాయంత్రం ఒక పూట. చుట్టలో కాదు, పొయ్యిలో.

ఇవాళ్టి పాఠం పొగగొట్టం గురించి. నవ్వకండి. అంబేడ్కర్ గురించో, రిజర్వేషన్ల గురించో, కారంచేడు గురించో చదవడానికి వచ్చిన తమ్ముళ్లూ చెల్లెళ్లూ కాస్త ఓపిక పట్టండి. ఇదీ అదే సిలబస్.

ఇది ఇప్పుడు రాయడానికి ఒక కారణం ఉంది. ఈ మధ్య మా కాలేజీ పిల్లలం ఒక కాలనీలో 'ఇంటి భద్రత' మీద అవగాహన కార్యక్రమం పెట్టాం. కాలనీ అంటే ఏ కాలనీయో మీకు తెలుసు. వచ్చిన అతిథి చదువుకున్న మనిషే, చెడ్డవాడు కూడా కాదు. వంటింటి పొగ ఎంత ప్రమాదమో చాలా బాగా చెప్పాడు. చివర్లో అన్నాడు: "ప్రభుత్వం పొగలేని పొయ్యిలిచ్చింది. గ్యాసిచ్చింది. ఏమిచ్చినా మీవాళ్లకి మెయింటెనెన్స్ అలవాటు లేదమ్మా. పదిహేను రోజులకోసారి గొట్టం తుడుచుకోవడం కూడా ప్రభుత్వమే చేయాలంటే ఎట్లా?" వెనక వరసలో కొందరు నవ్వారు. నేను నవ్వలేదు. కానీ వందన సమర్పణ చేసింది నేనే. ఆయనకి శాలువా కప్పింది కూడా నేనే.

తిరిగి వస్తుంటే సెకండియర్ చదివే ఒక అమ్మాయి అడిగింది: "సార్, మా ఇంట్లో గొట్టమే లేదు. ఏం తుడవాలి?"

ఆరోజు మైకు ముందు ఇవ్వాల్సిన జవాబు ఇది. ఆలస్యమైంది. ఆ చెల్లెలు నన్ను క్షమించాలి.

1

మా నాయన పొగాకు బ్యారన్‌లో మంట పని చేశాడు. ప్రకాశం జిల్లా బయటి పిల్లల కోసం కాస్త వివరంగా చెప్తాను.

బ్యారన్ అంటే కిటికీల్లేని ఎత్తయిన గది. లోపల నేల దగ్గర్నుంచి కప్పు దాకా వరసలు వరసలుగా కర్రలు, ఆ కర్రలకి అల్లిన పచ్చాకు. కింద లావుపాటి ఇనప రేకు గొట్టాలు. పొయ్యి నోరు గోడకి బయట ఉంటుంది. అక్కడ కట్టెలు వేస్తే మంటా పొగా ఆ గొట్టాల్లో పడి, గదంతా తిరిగి, చివరికి చిమ్నీ లోంచి పైకి పోతాయి. గొట్టం కాలుతుంది, గది వేడెక్కుతుంది, ఆకు పసుపు తిరిగి ఆరుతుంది. ఐదారు రోజుల పాటు రేయింబవళ్లు ఆ మంట ఆరకూడదు, ఎగరకూడదు. దీన్నే ఫ్లూ క్యూరింగ్ అంటారు. ఫ్లూ అంటే మరేం కాదు, పొగగొట్టం. ఈ పద్ధతి మొత్తం ఒక్క సూత్రం మీద నిలబడింది: ఆకుకి వేడి తగలాలి, పొగ తగలకూడదు. పొగ తగిలిన ఆకుకి రంగు చెడుతుంది, వాసన పడుతుంది, వేలంలో ధర రాదు.

మెయింటెనెన్స్ అన్నారు కదా. వినండి. సీజన్ మొదలయ్యే ముందు మా నాయన గొట్టాలు విడదీసి, లోపల పేరుకున్న మసి గీకేవాడు. తుప్పు తిన్న రేకు ఎక్కడుందో వేలితో కొట్టి చప్పుడుని బట్టి చెప్పేవాడు. అతుకుల దగ్గర మట్టి మెత్తేవాడు. లోపల చీకటి చేసి, పొయ్యిలో మంట పెట్టించి, గొట్టం మీద ఎక్కడన్నా ఎర్రచుక్క కనపడుతుందేమోనని పాకుతూ చూసేవాడు. ఎండిన ఆకు తెగి చిల్లుగొట్టం మీద పడితే బ్యారన్ మొత్తం నిలువునా తగలబడుతుంది. అందుకే ఆసామి రాత్రి రెండుసార్లు సైకిల్ మీద వచ్చి చూసి వెళ్లేవాడు. మా నాయన నిద్రపోతున్నాడా అని కూడా చూసేవాడు.

మా అమ్మ పగలంతా అదే బ్యారన్ ముందు కూర్చుని ఆకు అల్లేది. సాయంత్రం ఇంటికొచ్చి పొయ్యి వెలిగించేది. తాటాకు ఇల్లు, మూల మీద మట్టి పొయ్యి. పొగాకు కట్టె, కంది కట్టె, పిడకలు, వానాకాలం అయితే ఏది దొరికితే అది. గొట్టం లేదు. పొగ ముందు ఇంట్లో నిండేది. తర్వాత తాటాకు సందుల్లోంచి, తలుపులోంచి, మా కళ్లలోంచి మెల్లగా బయటికి పోయేది. ఊదుగొట్టం పట్టుకుని వంగిన అమ్మ మొహం పొయ్యికి జానెడు దూరంలో ఉండేది.

ఇప్పుడు ఆ అతిథి మాట మళ్లీ చదవండి. మీవాళ్లకి మెయింటెనెన్స్ తెలియదు.

అయ్యా, ఆ జిల్లాలో గొట్టం విద్య తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారంటే అది మా పల్లె మగవాళ్లే. రేకు ఎంత మందం ఉండాలో, ఎంత వాలు పెడితే పొగ లాగుతుందో, మసి ఎన్నాళ్లకి గీకాలో వాళ్ల చేతులకి తెలుసు. తెలిసిన విద్య ఆకు కోసం ఖర్చయింది. కాబట్టి సమస్య అవగాహన కాదు. దేనికి ధర ఉందో దానికి గొట్టం ఉంది. పొగ తగిలితే ఎవరికైనా నష్టం వస్తుంది అనుకున్నచోట గొట్టం వేశారు. మా అమ్మ ఊపిరికి వేలం లేదు.

ఇక్కడ మా నాయననీ వదలను. రేకుకి డబ్బుల్లేకపోవడం నిజం. తాటాకు కప్పులోంచి కాలే గొట్టం తీయడానికి భయపడటం నిజం. కానీ ఇంట్లో పొగ ఆడదాని సంగతి అనుకోవడం కూడా నిజం. ఆసామి కులం ఎంత కళ్లు మూసిందో, మా ఇంటి మగతనం కూడా అంతే మూసింది. దళిత పురుషుడు రాసే వ్యాసాల్లో ఈ వాక్యం తరచుగా తప్పిపోతుంది. అందుకే రాస్తున్నాను.

2

గొట్టం ఎలా పని చేస్తుందో తెలియకుండా ఈ వాదన పూర్తి కాదు.

వేడిగాలి తేలిక, పైకి లేస్తుంది. గొట్టం ఎంత ఎత్తుగా, లోపల ఎంత వేడిగా ఉంటే అంత బాగా లాగుతుంది. అందుకని ఇంజనీర్లకి ఒక లెక్క ఉంది. గొట్టం కప్పుని దాటిన చోటి నుంచి కనీసం మూడడుగులు పైకి ఉండాలి. చుట్టూ పదడుగుల లోపల ఉన్న ఏ కప్పు కన్నా, ఏ గోడ కన్నా రెండడుగులు ఎత్తుండాలి. లేకపోతే పక్క గోడకి కొట్టుకున్న గాలి కిందికి దిగి, పొగని తిరిగి మన ఇంట్లోకే తోస్తుంది.

ఈ లెక్కని పల్లెలోకి తీసుకురండి. పేదలందరికీ ఇళ్లు అని గ్రామాల్లో ఇచ్చిన స్థలం ఎంత? సెంటున్నర. గోడకి గోడ ఆనుకుని ఇళ్లు. మీ గొట్టానికి పదడుగుల లోపల నాలుగిళ్లు ఉంటాయి. అందులో ఒకాయన కొడుకు గల్ఫ్ నుంచి డబ్బు పంపి మేడ వేస్తే మీ గొట్టం ఆరోజే చచ్చిపోతుంది. ఎవరు ఎంత తుడిచినా లాగదు. భద్రత అనేది ఇంటి ఆడమనిషి అలవాటు అనుకునేవాళ్లు ముందు స్థలం కొలవండి.

రెండోది మసి. కట్టె పూర్తిగా కాలకపోతే పొగలోని జిగురు చల్లటి గొట్టం గోడకి అంటుకుని తారులా గడ్డకడుతుంది. దారి సన్నబడుతుంది. ఒకరోజు ఆ తారే అంటుకుని గొట్టం లోపలే మండుతుంది. పచ్చికట్టె, తడిపిడక వాడితే ఇది మరీ త్వరగా జరుగుతుంది. మరి ఎండుకట్టె ఎవరికి దొరుకుతుంది? ఎండబెట్టి దాచుకోవడానికి కొట్టం ఉన్నవాళ్లకి. రోజు కూలి నుంచి వస్తూ దారిలో ఏరుకున్న పుల్లలతో ఆ పూట వంట చేసే మనిషికి కట్టె ఆరేదాకా ఆగే వీలు లేదు.

మన కవిత్వంలో ఒక చిత్రం చాలాసార్లు వస్తుంది. సందె వేళ, పల్లెటూరు, ఇళ్ల మీద సన్నగా లేచే పొగ. ఎంఏలో ఆ చిత్రం మీద నేను పరీక్ష రాశాను, మంచి మార్కులు కూడా వచ్చాయి. ఇప్పుడు క్లాసులో అది చెప్పాల్సి వచ్చినప్పుడల్లా ఒక ప్రశ్న వేస్తున్నాను: సన్నగా, నిటారుగా లేచిందంటే అక్కడ గొట్టం ఉంది. మరి గొట్టం లేని ఇళ్ల పొగ ఏ పద్యంలో ఉంది? దూరం నుంచి చూసినవాడికి అది దృశ్యం. లోపల ఉన్నవాళ్లకి దగ్గు.

3

ఇక పొగలేని పొయ్యిల కథ. ఇది మొదలైన చోట్లలో మన హైదరాబాద్ ఒకటి. అక్కడి ఇంజనీరింగ్ రీసెర్చ్ లాబొరేటరీలో ఎస్.పి. రాజు గారు ఒక మట్టిపొయ్యి తయారుచేశారు. ఒకే మంట మీద రెండు మూడు గిన్నెలు, పొగకి గొట్టం. కోట్లమందికి పొగలేని వంటిల్లు అని ఇంగ్లీషులో పేరు పెట్టి 1953లో ఆయన పుస్తకం కూడా అచ్చయింది. ఒక ఇంజనీరు పేదింటి పొయ్యి ముందు కూర్చుని ఆలోచించాడు. ఆయనకి నా దండం.

తర్వాత 1980ల్లో కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం పెట్టింది. 2002లో ఆపేసేనాటికి లెక్కల్లో మూడు కోట్లకి పైగా పొయ్యిలు కట్టారు. ఇవాళ మీ ఊళ్లో అందులో ఒక్కటి చూపించండి. కట్టినదానికి లెక్క ఉంది, టార్గెట్ ఉంది, ఫొటో ఉంది. కట్టిన తర్వాత గొట్టం పగిలితే వచ్చే మనిషి లేడు, ఆ మనిషికి జీతం లేదు. మా పక్క వీధిలో అలాంటి పొయ్యి ఒకటి నా చిన్నప్పుడు చూశాను. సిమెంటు గొట్టం మసితో పూడింది. పొగ వెనక్కి కొడుతుంటే ఆ ఇంటి పెద్దమ్మ గిన్నెల రంధ్రాలు మట్టితో పూడ్చి, పక్కనే మూడు రాళ్లు పెట్టుకుంది. ఆమెని తెలివితక్కువది అంటారా? కప్పు మీదికి ఎక్కాలి. ఎక్కడానికి నిచ్చెన లేదు. గొట్టం లోపలికి పోయే బ్రష్షు లేదు. తాటాకు కప్పు ఆమె బరువు మోయదు. పొద్దున ఆరింటికి పొలంలో ఉండాలి.

ఒడిశాలో ఎస్తేర్ డుఫ్లో, ఇద్దరు సహ పరిశోధకులు కలిసి ఇలాంటి పొయ్యిల మీదే ఒక పెద్ద అధ్యయనం చేశారు. దాదాపు 2,600 కుటుంబాలు, నాలుగేళ్ల దాకా పరిశీలన. 2016లో అది జర్నల్లో అచ్చయింది. మొదటి ఏడాది పొగ తగ్గింది. ఆ తర్వాత తేడా మాయమైంది. జనం సరిగా వాడలేదు, మరమ్మతులకి ఖర్చు పెట్టలేదు, రాన్రాను వాడటమే తగ్గించారు. అది నిజాయితీ ఉన్న పరిశోధన. ప్రయోగశాలలో పని చేసింది గుడిసెలో పని చేయదని హెచ్చరించింది. నా గొడవ ఆ పరిశోధనతో కాదు, దాన్ని వేదికల మీద "వాళ్లు మెయింటెయిన్ చేయరు" అనే ఒక్క ముక్కగా కుదించేవాళ్లతో.

మీ ఆఫీసు లిఫ్టు ఎవరు మెయింటెయిన్ చేస్తారు? దానికి ఏడాది కాంట్రాక్టు ఉంది. మీ ఏసీ? ఫోన్ చేస్తే కుర్రాడు వస్తాడు. మీ ఇంటి నీళ్ల ఫిల్టరు? మెసేజ్ వస్తుంది. పైవాళ్ల ఇళ్లలో మెయింటెనెన్స్ అంటే కొనుక్కునే సేవ. పల్లెలో మెయింటెనెన్స్ అంటే గుణం. మీ దగ్గర చెడిపోతే పరికరం చెడిపోయింది. మా దగ్గర చెడిపోతే జాతి చెడిపోయింది. ఈ తేడాకి పేరు ఏమిటో నేను చెప్పక్కర్లేదు.

4

"ప్రతిదాన్నీ కులంలోకి లాగుతారు" అని కింద కామెంటు రాబోతోంది. సరే, కులం లేని దేశానికి వెళ్దాం.

లండన్‌లో ప్రతి మంచి ఇంటికీ గదిలో చలిమంట గూడు, పైన ఇటుకల చిమ్నీ. బొగ్గు మసి అంటుకుని దారి పూడితే ఇల్లు తగలబడుతుంది. కాబట్టి తుడవాలి. గొట్టం సన్నం, కొన్ని తొమ్మిదంగుళాల చదరం మాత్రమే, మధ్యలో మలుపులు. అందులోకి పిల్లల్ని ఎక్కించేవాళ్లు. బీదవాళ్ల పిల్లలు, అనాథలు. మోకాళ్లు, మోచేతులు ఒరుసుకుంటూ పైకి పాకి మసి గీకాలి. 1775లో పెర్సివల్ పాట్ అనే వైద్యుడు ఈ పని చేసినవాళ్ల వృషణాల తిత్తికి వచ్చే క్యాన్సర్‌కి కారణం మసేనని రాశాడు. ఒక వృత్తి వల్ల క్యాన్సర్ వస్తుందని చెప్పిన తొలి వైద్యుల్లో ఆయన ఒకడు.

1788లో చట్టం వచ్చింది: ఎనిమిదేళ్ల లోపు పిల్లల్ని పెట్టకూడదు. అమలు కాలేదు. 1803 నాటికే కింద నుంచి తోసే పొడవాటి బ్రష్షు యంత్రం కనిపెట్టారు. వాడలేదు. మా చిమ్నీలకి మలుపులున్నాయి, యంత్రంతో తివాచీలు పాడవుతాయి అన్నారు. పిల్లాడు తివాచీ కన్నా చవక. తర్వాత ఇంకో చట్టం, మరో చట్టం. చివరికి 1875లో కేంబ్రిడ్జి దగ్గర ఒక ఆస్పత్రి చిమ్నీలో పదకొండేళ్ల జార్జ్ బ్రూస్టర్ ఇరుక్కుని చచ్చిపోయాక, ఈ పని చేయించేవాళ్లకి పోలీసు లైసెన్సు పెడుతూ వచ్చిన చట్టంతో అది ఆగింది. యంత్రం పుట్టిన డెబ్బై రెండేళ్లకి.

చదువుతుంటే ఎక్కడో విన్నట్టు లేదూ? యంత్రం ఉంది, చట్టం ఉంది, గొట్టంలో మాత్రం మనిషి ఉన్నాడు. మనకి 1993లో చట్టం వచ్చింది, 2013లో ఇంకో చట్టం వచ్చింది. మురుగు గుంటలో చనిపోతే ముప్పై లక్షలు ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంకా దింపుతూనే ఉన్నారు. లండన్‌లో పేదరికం ఎక్కించింది, ఇక్కడ పుట్టుక దింపుతుంది. అక్కడి పిల్లాడు పెద్దయితే ఆ పని వదలొచ్చు. ఇక్కడ తాత దిగిన గుంటలోకే మనవడు దిగుతాడు. కులం లేని దేశానికి వెళ్లి వచ్చినా తేలింది ఇదే: ఇల్లు ఊపిరి తీసుకోవాలంటే ఎవరో ఒకరు ఊపిరి బిగబట్టి మసిలోకి వెళ్తున్నారు. వాళ్లని ఎవరు ఎంపిక చేస్తున్నారన్నదే ప్రశ్న.

5

ఇప్పుడు నా వంతు.

నేనుండేది టౌన్లో అద్దె ఫ్లాట్. వంటగదిలో స్టౌ మీద కరెంటు చిమ్నీ ఉంది. మూడేళ్లు దాని కింద నిలబడి టీ కాచుకున్నాను. దాని ఫిల్టర్ ఎవరు కడుగుతున్నారో నాకు తెలియదు. నా సహచరి కడుగుతుందనుకున్నాను. ఆమె కూడా ఉద్యోగస్తురాలే. ఒకరోజు మా ఇంట్లో పనిచేసే అక్క టీగ్లాసు అందుకుంటుంటే వేళ్లు చూశాను. చర్మం పొరలు పొరలుగా లేచి, గోళ్ల చుట్టూ ఎర్రగా ఉంది.

"ఏంటక్కా ఇది?"

"కాస్టిక్ సోడా సార్. జాలీల జిడ్డు మామూలు సబ్బుకి పోదుగా. మీదొక్కటేనా, ఈ అపార్ట్‌మెంట్‌లో ఆరిళ్లవి."

ఆ ఆరిళ్లలో ఒక ఇంట్లో ఆమెని వంటగదిలోకి రానివ్వరట. జాలీలు ఊడదీసి వెనక బాల్కనీలో పెడతారు. ఆమె అక్కడే కడిగి అక్కడే ఆరబెట్టి పోతుంది. ఆలోచించండి. ఆమె వంటగదిలోకి వెళ్లకూడదు. వంటగది మసి మాత్రం నడుచుకుంటూ ఆమె దగ్గరికి వస్తుంది. అంటు అంటే ఏమిటో నాకు ఏ గ్రంథమూ ఇంత సూటిగా చెప్పలేదు.

మరి నేను? నేను రానిచ్చాను కాబట్టి గొప్పవాణ్ణా? అడగలేదు, చూడలేదు, గ్లవ్స్ కొనలేదు. దళిత లెక్చరర్ ఇంటి మసి కూడా దళిత స్త్రీ చేతులకే చేరింది. అమ్మ పొయ్యి గురించి కన్నీళ్లు పెట్టుకునే కొడుకు నెత్తి మీద చిమ్నీ తిరుగుతూనే ఉంది.

ఇప్పుడు మా ఇంట్లో ఆ పని నాది. మూడు వారాలకోసారి ఆదివారం. బాగా వేడినీళ్లు, గిన్నెల సబ్బు, వంటసోడా, గంట నానబెట్టడం, పాత టూత్‌బ్రష్. పోతుంది. కాస్టిక్ అక్కర్లేదు. పైగా అల్యూమినియం జాలీ మీద కాస్టిక్ పడితే లోహాన్ని తినేస్తుంది, మండే వాయువు పుడుతుంది. జిడ్డు పేరుకున్న జాలీ, గొట్టం మంట అందుకుంటాయి, కాబట్టి వాయిదా వేయకూడదు. ఇదంతా నేర్చుకోవడానికి నాకు పట్టింది ఇరవై నిమిషాలు.

6

"గ్యాస్ వచ్చాక ఇంకా ఈ పొయ్యి గొడవ దేనికి" అనేవాళ్లకి ఒక మాట. 1999లో దీపం వచ్చింది, 2016లో ఉజ్వల వచ్చింది, 2024 నుంచి మన రాష్ట్రంలో ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. మంచిదే, ఇంకా కావాలని అడగాలి. కానీ ఐదుగురున్న ఇంటికి మూడు సిలిండర్లు ఏడాదంతా రావు. టీ, కూర గ్యాస్ మీద. అన్నం, స్నానాల నీళ్లు కట్టెల మీద. సిలిండర్ ఉన్న ఇళ్లలో కూడా పొయ్యి ఆరలేదు. లెక్కల్లో మాత్రం ఆరిపోయింది.

కాబట్టి పని చేద్దాం. చదివి లైక్ కొట్టి పోవద్దు. సెలవులకి ఊరెళ్లే పిల్లలు ఇవి రాసుకోండి.

పొయ్యి ఉన్న ప్రతి ఇంట్లో పొగ బయటికి పోయే దారి ఉందో లేదో చూడండి. గొట్టం పెడితే ఇనప రేకుదే పెట్టండి. ప్లాస్టిక్ గొట్టం పెట్టకూడదు, కరిగి అంటుకుంటుంది. పాత సిమెంటు గొట్టాల్ని రంపంతో కోయకండి, వాటిలో ఆస్బెస్టాస్ ఉంటుంది, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి విషం. తాటాకు, రెల్లు కప్పులోంచి గొట్టం నేరుగా తీయకండి. గోడలోంచి బయటికి తీసి, కప్పుకి దూరంగా పైకి లేపండి. పైన వాన పడకుండా టోపీ, కింద మసి తీయడానికి మూత. ఆ మూత ఉంటే ఎవరూ కప్పు ఎక్కక్కర్లేదు. పొగ వెనక్కి కొడుతోందంటే మసి పట్టిందని అర్థం, ఆరోజే తీయాలి.

బాలింత గదిలో కుంపటి పెట్టి తలుపులు బిగించే అలవాటు మన ఇళ్లలో ఇంకా ఉంది. నిప్పుల్లోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన లేదు, రంగు లేదు. తల నొప్పి, మగత, తర్వాత లేవరు. తల్లీబిడ్డ ఉన్న గదిలో కుంపటి వద్దు. చలికి బొగ్గులు గదిలో పెట్టుకుని పడుకునే వాచ్‌మెన్ అన్నలకి కూడా ఇదే చెప్పండి.

గ్యాస్ ఉంటే రబ్బరు గొట్టం మీద తేదీ చూడండి, ఐదేళ్లకి మార్చాలి. గ్యాస్ గాలి కన్నా బరువు, కింద పరుచుకుంటుంది. వాసన వస్తే స్విచ్ ముట్టుకోకుండా, తలుపులు తీసి, రెగ్యులేటర్ ఆపి, బయటికొచ్చి 1906కి ఫోన్ చేయాలి.

ఇవి మనం చేసుకునేవి. ఇక అడగాల్సినవి. ప్రభుత్వం కట్టించే ప్రతి ఇంటి ప్లానులో పొగ దారి ఉండాలి. బిల్లు ఇచ్చేముందు తలుపులు, కిటికీలు లెక్కపెట్టే ఇంజనీరు దాన్నీ లెక్కపెట్టాలి. వీధి లైటుకి, బోరు పంపుకి మనిషి ఉన్నట్టే పొయ్యిలకీ గొట్టాలకీ జీతమున్న మనిషి ఉండాలి. ఆ మనిషికి బ్రష్షు, మాస్కు, గ్లవ్స్ ఉండాలి. ఆ ఉద్యోగం మళ్లీ మా పల్లెకే రాసి పెట్టకూడదు. ఆస్పత్రి చీటీలో పొగ తాగుతావా అన్న గడి పక్కన ఇంకో గడి పెట్టాలి: ఏ పొయ్యి మీద వండుతావు, ఎన్నేళ్లుగా?

డాక్టరు దగ్గర్నుంచి వచ్చిన వారానికి ఊరెళ్లాను. అమ్మ ఇప్పుడు వంట ఇంట్లో గ్యాస్ మీద, నీళ్లు వసారాలో కట్టెపొయ్యి మీద కాస్తుంది. నాయనకి ఇప్పుడు నడుము వంగదు. అయినా కూలిపోయిన బ్యారన్ దగ్గర్నుంచి పాత గొట్టం రేకు రెండు ముక్కలు అడిగి తెచ్చాడు. సుత్తితో సాపు చేశాడు, చుట్టాడు, రివెట్లు కొట్టాడు, అతుకులకి మట్టి మెత్తాడు. నేను నిచ్చెన పట్టుకున్నాను. ఒకటిన్నర రోజు పట్టింది. చీకటి పడ్డాక పొయ్యి వెలిగించి, పాత అలవాటు కొద్దీ ఎక్కడన్నా ఎర్రచుక్క కనపడుతుందేమోనని గొట్టం చుట్టూ తిరిగి చూశాడు.

అమ్మ అరుగు మీద కూర్చుని, పొగ ఇంటి మీది నుంచి పోతుంటే చూసింది. "నా పొయ్యి కూడా బ్యారన్ అయిందిరా అబ్బయ్యా" అంది. నాయన ఏమీ మాట్లాడలేదు.

నేనూ మాట్లాడలేదు. కానీ ఆ అతిథి ఇంకోసారి మా కాలేజీకి వస్తే ఈసారి శాలువా కప్పే ముందు మాట్లాడతాను. ఆ సెకండియర్ చెల్లెలు మొదలుపెట్టిన లెక్క అప్పటికి పూర్తవుతుంది. వాళ్ల కాలనీలో ఎన్నిళ్లు, ఎన్ని పొయ్యిలు, ఎన్ని గొట్టాలు అని ఇంటింటికీ తిరిగి రాస్తోంది. మీరూ మీ పల్లెలో రాయండి. వచ్చే పాఠం ఆ లెక్కల మీదే.

జై భీమ్.